రంగులు, కార్తెలు, పిల్లల పాటలు

ఋతువులు ఆరు, ఇంద్రధనుస్సులో రంగులు ఏడు అని మన గ్రామములలోని పిల్లలు చిన్న తరగతులలోనే తడుముకొనకుండ చెప్పగలరు. చైత్ర వైశాఖములు వసంతమనియు, శ్రావణ భాద్రపదములు వర్షర్తువనియు ఏకరువు పెట్టగలరు. కాని అదే పిల్లవానిని బడి గుమ్మము వెలుపలికి తీసికొనివచ్చి “నాయనా, ఇప్పుడు మీ చేను ఏ రంగున ఉన్నది?” అని అడిగినచో కొంతసేపు తటపటాయించును. తెలియక కాదు. అదియు పాఠమేనని, పద్యమునకు పనికివచ్చు సంగతియేనని అతనికి ఎవ్వరును చెప్పియుండలేదు.

ఈ వ్యాసములో మేము విచారింపదలచినది ఈ సంగతినే. రంగులను గూర్చియు, మారు కాలములను గూర్చియు పిల్లలు పాడుకొను పాటలు, వారు స్వయముగ కట్టుకొను పాటలు ఎచ్చటినుండి రావలెను? ఇందుకు అమరావతి పరిసరములను ఉదాహరణముగ తీసికొందుము. కృష్ణకు దక్షిణపు గట్టున, నల్లరేగడి నేలలో ప్రత్తియు మిరపయు పండు మైదానమిది. గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాల ఉపాధ్యాయులకును తల్లిదండ్రులకును ఇందలి విషయములు కొత్తవి కావు. అయినను వానిని పిల్లల పాటకు ముడిపెట్టి చూచిన వారు తక్కువ.

ముందుగ మన భాషలోని రంగుల మాటలను పరిశీలింతము. నలుపు, తెలుపు, ఎరుపు, పచ్చ ఈ నాలుగును అచ్చతెలుగు మాటలు. తక్కిన పేర్లలో పెక్కు వస్తువులనుండి ఏర్పడినవి, లేదా ఇతర భాషలనుండి వచ్చి మనలో కలిసినవి. నీలము సంస్కృతమునుండి వచ్చినది. గులాబి పారశీకమునుండి వచ్చినది. పసుపు అనగా వంటింటిలోని పసుపే. గోధుమరంగు, వంకాయరంగు, బూడిదరంగు, ఇటికరంగు అనునప్పుడు మనము రంగును చెప్పుటలేదు, ఆ రంగుగల వస్తువును చూపుచున్నాము. పిల్లవానికి ఈ పేర్లు నేర్పుట యనగా వస్తువును చూపుటయే యని దీనివలన తెలియుచున్నది.

పచ్చ యను మాట మరింత విచిత్రమైనది. పచ్చగడ్డి అనినచో ఆకురంగు. పచ్చకామెర్లు అనినచో పసుపురంగు. ఒకే మాట రెండు రంగులకును చెల్లుచున్నది. సందేహము కలిగినప్పుడు ఆకుపచ్చ, పసుపుపచ్చ, చిలుకపచ్చ అని విడదీసి చెప్పుకొందుము. దీనిని లోపమని కొందరు తలంతురు. మాకు అట్లు తోచదు. లేతాకు, ముదురాకు, పండుటాకు ఒకే కొమ్మమీద వరుసగ కనబడు దేశములో ఆ మూడింటికిని ఒకే మాట ఉండుట సహజమే. బ్రెంట్ బెర్లిన్, పాల్ కే అను అమెరికా పండితులు 1969లో ప్రకటించిన గ్రంథములో అనేక భాషల రంగుల మాటలను పోల్చిచూచి, మొదట నలుపు తెలుపులు, పిమ్మట ఎరుపు, ఆపైన పసుపు, ఆకుపచ్చలు భాషలలో ఏర్పడునని ప్రతిపాదించిరి. ఆ సిద్ధాంతముపై తరువాత చాల చర్చ జరిగినది. మన నాలుగు మాటలు మాత్రము ఆ వరుసకు దగ్గరగనే ఉన్నవి.

ఇక ఈ నాలుగు రంగులను తీసికొని అమరావతి పొలములలో నిలువబడి చూడుడు. నలుపు రేగడి నేల. పచ్చ శ్రావణ భాద్రపదముల పైరు. తెలుపు కార్తికము మొదలు పగులు ప్రత్తి. ఎరుపు మాఘ ఫాల్గుణముల మిరప కల్లము. తెలుగువాని సొంత మాటలు నాలుగును ఈ మైదానములో ఒక సంవత్సరములో వరుసగ వచ్చిపోవుచున్నవి. రంగుల పాటయు ఋతువుల పాటయు ఇచ్చట రెండు కావు, ఒక్కటే. ఉపాధ్యాయునకు ఇంతకు మించిన పాఠ్యసామగ్రి మరెచ్చట లభించును?

అయితే ఒక చిక్కు కలదు. పుస్తకములోని ఋతువులకును పొలములోని ఋతువులకును సరిగ పొత్తు కుదరదు. పంచాంగమున వసంతము ఉగాదితో ప్రారంభమగును. వసంతమనగానే మలయమారుతము, చిగురుటాకులు, కోకిల అని చదివికొందుము. కోకిల కూయుట నిజమే, మామిడి కాయుట నిజమే. కాని ఏప్రిల్, మే నెలలలో గుంటూరు సీమలోని ఎండను మలయమారుతమని ఏ పిల్లవాడును పొరబడడు. జ్యేష్ఠాషాఢములు గ్రీష్మమని పుస్తకము చెప్పును, కాని ఆ నెలలలోనే తొలకరి పడి విత్తనము నేలలోనికి పోవును. శిశిరమున ఆకులు రాలుననుటలో తప్పులేదు. మంచు కురియుననునప్పుడు మాత్రము మన పిల్లవానికి తెలిసినది తెల్లవారుజామున పైరులమీద నిలుచు పొగమంచే కాని, చిత్రములలోని తెల్లని హిమము కాదు. ఆంగ్ల గేయములలో వానను వెళ్ళిపొమ్మని వేడుకొను గేయ మొకటి మన శిశుతరగతులలో విరివిగ పాడింపబడుచున్నది. పాడుచున్న ఆ పిల్లవాని తండ్రి అదే సమయమున గట్టుమీద నిలువబడి మబ్బుకొరకు చూచుచుండును! వాన రానియెడల కప్పతల్లిని ఆడించుచు ఇంటింటికి తిరిగి నీళ్ళు పోయించుకొను ఆచారము గల గ్రామములు మనవి.

రైతు కాలమును కొలుచునది ఋతువుతో గాక కార్తెతో. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున ఉండు కాలము కార్తె. సంవత్సరమునకు ఇరువదియేడు కార్తెలు, ఒక్కొక్కటి పదుమూడు లేక పదునాలుగు దినములు. రోహిణికి రోళ్ళు పగులు ఎండ, మృగశిరకు మొదటి చల్లదనము, ఆరుద్రకు ముసురు. రెండు నెలల ఋతువు పిల్లవాని దృష్టికి చాల పెద్దది. రెండు వారముల కార్తె అతని చూపునకు సరిపోవును. పైగా ఋతువు పేరు చెప్పినచో గ్రంథము జ్ఞాపకమునకు వచ్చును, కార్తె పేరు చెప్పినచో తాతయ్య జ్ఞాపకమునకు వచ్చును. పద్యమునకు రెండవదియే మేలని మా అభిప్రాయము.

ప్రాచీన కవులను తక్కువచేయుట మా ఉద్దేశము కాదు. కాళిదాసు ఋతుసంహారమును గ్రీష్మముతో ప్రారంభించి వసంతముతో ముగించెను. పోతన భాగవత దశమస్కంధమున వర్షాకాలమును, శరత్కాలమును వర్ణించెను. వారు తాము చూచిన నేలను చూచియే వ్రాసిరి. వారి మాటలను కంఠస్థము చేసిన పిల్లవాడు తన నేలను కూడ అంత శ్రద్ధగ చూచుట నేర్వవలెను గదా.

మా చిన్ననాటి సంగతి యొకటి ఇచ్చట చెప్పవలసియున్నది. మేము చదివిన బడిలో, ఆ బడి పేరు అవసరము లేదు, ఒకనాడు వసంతమును గూర్చి నాలుగు పంక్తులు వ్రాయుమనిరి. మాలో నొకడు మిరపకాయల రాశిని గూర్చియు, కాయలు కోసివచ్చిన తల్లి చేతిమంటకు మజ్జిగలో వ్రేళ్ళు ముంచుకొనుటను గూర్చియు వ్రాసెను. “మిరపకాయలమీద కవిత్వమేమిటి? కోకిలమీద వ్రాయుము” అని ఉపాధ్యాయుడు ఆ కాగితమును త్రిప్పి ఇచ్చెను. అందరమును కోకిలమీదనే వ్రాసితిమి. ముప్పదిమంది కాగితములలోను ఒకే కోకిల కూసినది. మార్కులు బాగుగనే వచ్చినవి. ఆ బాలుడు మరల పద్యము వ్రాసినట్లు మాకు జ్ఞాపకము లేదు. ఆ నాలుగు పంక్తులలో అతడు ఏమి వ్రాసెనో ఇప్పుడు చెప్పగలవారు ఎవ్వరును లేరు. ఆ మజ్జిగ గిన్నె మాత్రము మా మనస్సులో నిలిచియున్నది.

ఇక కార్తెలవెంట నడచి చూతము.

మన రాష్ట్రములో బడులు సాధారణముగ జూన్ 12వ తేదీన తెరచుచుందురు. అప్పటికి మృగశిర కార్తె వచ్చి నాలుగైదు దినములగును. వేసవిలో రేగడి నేల నెర్రెలు విచ్చి, పిల్లవాని చేయి పట్టునంత పగుళ్ళతో బూడిద కలిసిన నలుపుగ ఉండును. మొదటి వాన పడగానే అదే నేల కాటుకవలె నిగనిగలాడును. ఒకే నేలకు రెండు నలుపులు! ఎండిన నలుపునకును తడిసిన నలుపునకును గల భేదమును చెప్పుమని అడిగినచో పిల్లలు ఎన్ని పోలికలు తెత్తురో చూడవలెను. మరి రెండు వారములకు ఆరుద్ర కార్తె వచ్చును. తడిసిన గట్లమీద ఆరుద్ర పురుగులు బయలుదేరును. ముఖమలు గుడ్డను కత్తిరించి బొట్టుబిళ్ళలు చేసి చల్లినట్లుండును. ఇది నిజమునకు పురుగు కాదు. ఎనిమిది కాళ్ళు గల జీవి, సాలీడునకు దూరపు చుట్టము. నేలలో దాగియుండి తొలి వానలకు పైకి వచ్చును. అగ్గిపెట్టెలో గడ్డిపరకలు వేసి దానిని దాచుకొనని పల్లె బాల్యము లేదు. నల్లని నేలపై ఎర్రని చుక్క, ఏ చిత్రకారుడును బోధింపకయే పిల్లవానికి తెలియు మొదటి రంగుల పొంతన ఇది. వీలైనచో చూచి వదలివేయుమని పిల్లలకు చెప్పుట మంచిది. అగ్గిపెట్టెలో ఎక్కువ దినములు బ్రతుకదు.

ఈ కాలముననే గిజిగాడు తుమ్మకొమ్మలకు గూళ్ళు అల్లుటకు మొదలుపెట్టును. మిగిలిన నెలలలో పిచ్చుకవలె మట్టిరంగున ఉండు మగపక్షి తలమీదను రొమ్ముమీదను పసుపురంగు తాల్చును. పక్షి కూడ కార్తెనుబట్టి చొక్కా మార్చునని చెప్పినచో పిల్లలు నవ్వుదురు, మరచిపోరు.

ప్రత్తిని గూర్చి కొంత విపులముగ చెప్పుదుము. జూన్, జూలై నెలలలో విత్తిన ప్రత్తి రెండు నెలలకు పూతకు వచ్చును. నేడు మన పొలములలో విస్తారముగ కనబడునది అమెరికా జాతి ప్రత్తి. 2002లో అనుమతి పొందిన బీటీ సంకరములును ఈ జాతివే. దీని పువ్వు విచ్చిన ఉదయమున మీగడరంగుగ ఉండును. మరునాటికి గులాబిరంగునకు తిరుగును. ఆపైన ముదురెరుపై వాడి రాలిపోవును. పువ్వులో క్రమముగ చేరు ఎర్రని వర్ణద్రవ్యమే ఇందుకు కారణము. ఒకే మొక్కపై నేటి పువ్వు, నిన్నటి పువ్వు, మొన్నటి పువ్వు ప్రక్కప్రక్కన మూడు రంగులతో నిలిచియుండును. పూర్వమిచ్చట విరివిగ పండిన నాటుప్రత్తి పువ్వు పసుపురంగుది, లోపల ముదురెరుపు మచ్చ గలది. తాతయ్యకు తెలిసిన ప్రత్తిపువ్వును మనుమనికి తెలిసిన ప్రత్తిపువ్వును ఒకటి కావన్నమాట. మాట ఒక్కటే, రంగు మారినది. ఈ వ్యత్యాసమును ఇంటిలో అడిగి తెలిసికొనిరమ్మని పిల్లలను పంపవచ్చును.

పువ్వును మూడు దినములు వరుసగ చూచిన పిల్లలు ఎట్టి పాట కట్టగలరో సూచించుటకు మేము అల్లిన నాలుగు పంక్తులను ఇచ్చట ఇచ్చుచున్నాము. పిల్లల నోటి మాటలో ఉండుటకై వ్యావహారికముననే వ్రాసితిమి. ఇంతకంటె మంచివి వారే కట్టుదురు.

పొద్దున విరిసెను మీగడ పువ్వు
రేపటి కదియే గులాబి పువ్వు
ఎల్లుండికి అది రాలిన పువ్వు
రాలిన చోటనె కాయకు నవ్వు

పువ్వు రాలిన సుమారు ఏడు వారములకు కాయ పగులును. శరత్తు అనగా తెలుపు అని కవులు చెప్పిరి. వెన్నెల, రెల్లుపూలు, తేరిన మబ్బులు వారి కన్నులలో ఉన్నవి. అవి కృష్ణ లంకలలో ఇప్పటికిని ఉన్నవి. రెల్లు పూచినపుడు ఇసుక తిన్నెలు దూరమునకు పాలపొంగువలె కనబడును. వానికి తోడు ప్రత్తిచేను పగిలి తెల్లబారును. ఇచ్చట మాత్రము పుస్తకమును పొలమును చేయి కలిపినవి. అట్టిచోట్లను ఉపాధ్యాయుడు విడువరాదు. ఆ తెలుపు వెనుక ప్రత్తి తీయు స్త్రీల నడుము నొప్పియు, ఎండిన కాయడొప్పలు గీరిన వ్రేళ్ళును ఉన్నవి. పిల్లలకు అవి తెలిసినవే. పాటలోనికి వచ్చినచో రానిండు.

హేమంతము గొబ్బెమ్మల కాలము. తెల్లని ముగ్గు, పేడముద్దపై పసుపుపచ్చని గుమ్మడిపువ్వు, బంతి, చేమంతి. ఇవి అందరును ఎరిగినవే గనుక విస్తరింపము. కందిచేలు పసుపుపూతతోను, ప్రకాశము వైపు శనగచేలు చిన్న ఊదాపూలతోను ఉండునది ఇంచుమించు ఈ కాలమే.

మిరపకు వత్తము. రంగు అనునది అందమునకు మాత్రమే కాదు, జీవనమునకు సంబంధించినదని పిల్లవానికి తెలియజేయగల పంట మిరప. దీని పువ్వు తెల్లనిది, చిన్నది, తల వంచుకొని యుండును. కాయ మొదట ఆకుపచ్చ, నడుమ గోధుమ కలిసిన నలుపు చాయ, పిమ్మట ఎరుపు. పచ్చదనము నిచ్చు పదార్థము తరిగి, కాప్సాంథిన్ అను ఎర్రని పదార్థము పెరుగుటచే ఈ మార్పు కలుగుచున్నది. కారమునకు కారణమైన పదార్థము వేరు. కావున మిక్కిలి ఎర్రని కాయ మిక్కిలి కారముగ ఉండవలెనను నియమము లేదు. కర్ణాటకపు బ్యాడిగి కాయ రంగునకు ప్రసిద్ధి, మన గుంటూరు సన్నము కారమునకు ప్రసిద్ధి. ఎరుపు వేరు, కారము వేరు అని తెలిసినపుడు పిల్లలకు కలుగు ఆశ్చర్యము ఒక పాటకు చాలును.

సంక్రాంతి మొదలు ఉగాది వరకు ఈ సీమలో కల్లములు ఎర్రబారి యుండును. దారి ప్రక్కల చేలలో పట్టాలమీద కాయలు పరచి ఎండబెట్టుదురు. గాలిలోనే ఘాటు. ఆ దినములలో రైతు చూపంతయు కాయ రంగుమీదనే. అకాలపు వాన పడినను, మంచు పట్టినను కాయ ఎరుపు చెడి తెల్లబారును. దానిని తాలుకాయ యందురు. కూలి స్త్రీలు కూర్చుండి ఎర్రకాయలను వేరుగ, తాలును వేరుగ ఏరి, ముచ్చికలు తీయుదురు. గుంటూరు మిర్చియార్డులో రెండింటి ధరలకును చాల అంతరము. రంగు చెడకుండుటకే కాయలను శీతల గిడ్డంగులలో నిలువచేయుదురు. ఫాల్గుణమున మబ్బు పట్టినపుడు బడినుండి పరుగెత్తిపోయి పట్టాలు కప్పిన పిల్లలు ఈ జిల్లాలలో వేలకొలది ఉందురు. వారికి ఎరుపు నుండి తెలుపునకు మారుట యనగా ఏమో మనము చెప్పనక్కరలేదు.

పచ్చగ ఉంటే పచ్చడి కాయ
ఎర్రగ పండితె కల్లపు కాయ
వానలు తడిపితె తాలగు కాయ
నాన్నకు దిగులును తెచ్చిన కాయ

పిల్లల పాటలో దిగులు ఉండవచ్చునా అని కొందరు ప్రశ్నింపవచ్చును. పిల్లల ఇంటిలో ఉన్నది పిల్లల పాటలో ఉండుట దోషము కాదని మేము భావించుచున్నాము. పాటలో చెప్పుకొనలేని దిగులును పిల్లలు మరెచ్చటను చెప్పుకొనరు.

చెట్ల రంగులను త్వరగా దాటిపోదుము. మోదుగ, బూరుగ శిశిరాంతమున ఎర్రగ పూయును. వేపయు రావియు చిగిర్చునపుడు ఆ చిగురు పచ్చగ గాక రాగిరంగుగ ఉండును. చిగురు పచ్చనిదని వ్రాసిన పిల్లవానిని చెట్టువద్దకు తీసికొనిపోయి చూపవలెను. రేల పసుపు, తురాయి ఎరుపు వేసవివి. నేరేడు పండ్లు తిన్న నాలుక ఊదారంగు జూన్ నెలలోనిది. పిల్లలకు ఆ ఊదారంగు ఒక్కటే చాలును, పుస్తకములోని ఊదా అక్కరలేదు.

నదిని మాత్రము విడువజాలము. అమరేశ్వరుని గుడి మెట్లమీద కూర్చున్న పిల్లవానికి కృష్ణయే ఒక ఋతువుల పటము. కృష్ణ అనగా నల్లనిది అని అర్థము. మాఘమున నీరు తేటగ, ఆకాశము చాయతో ఉండును. వేసవిలో ఇసుకతిన్నెలు బయటపడును. మహాబలేశ్వరమువద్ద పుట్టి, భీమను తుంగభద్రను కలుపుకొని, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించు ఈ నది వరదకాలమున పైప్రాంతముల మట్టిని మోసికొని ఎర్రగ వచ్చును. నేడు ఎగువన 1967లో నీరు విడిచిన నాగార్జునసాగరమును, 2013లో ప్రారంభమైన పులిచింతలయు, దిగువన 1957 నాటి ప్రకాశం బారేజియు ఉండుటచే నదియొక్క రాకపోకలు పూర్వమువలె లేవు. అయినను 2024 సెప్టెంబరు మొదటివారమున బారేజివద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులు దాటినపుడు ఆ ఎర్రదనమును చూచిన పిల్లలు దానిని మరచియుండరు. నల్లని పేరుగల నది ఎర్రగ పారుటను పిల్లలే కనిపెట్టవలెను. మనము ముందుగ చెప్పినచో ఆ సంతోషము వారికి దక్కదు.

మాఘము నాటికి అద్దపు కృష్ణ
శ్రావణ మొస్తే ఎర్రని కృష్ణ
ఎక్కడి మట్టిని తెచ్చెనొ కృష్ణ
అడిగితె చెప్పక పారెను కృష్ణ

ఇప్పుడొక కష్టమైన ప్రశ్న మిగిలియున్నది. అమరావతి అను పేరు నేడు రెండు చోట్లకు చెల్లుచున్నది. అమరేశ్వరాలయము, ప్రాచీన స్తూపము గల అమరావతి గ్రామము 2022 నాటి జిల్లాల పునర్విభజనలో పల్నాడు జిల్లాలో చేరినది. దానికి తూర్పున తుళ్ళూరు, మందడము, వెలగపూడి మొదలగు గ్రామముల నడుమ నిర్మాణమగుచున్న రాజధాని గుంటూరు జిల్లాలోనిది. అచ్చట 29 గ్రామముల రైతులు 2015 ప్రాంతమున 33,000 ఎకరములకు పైబడిన భూమిని సమీకరణ పద్ధతిని ఇచ్చిరి. ఆ సంవత్సరము అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున శంకుస్థాపన జరిగినది. నదికి చేరువనున్న జరీబు భూములలో అరటి, కూరగాయలు, పూలు పండెడివి. ఎగువ మెట్టలో ప్రత్తి, మిరప పండెడివి. అటుపిమ్మట పుట్టిన పిల్లవానికి ఇంటి వెనుక ప్రత్తిచేను లేదు. కొన్నియెడల ముళ్ళకంప పెరిగి మరల తొలగింపబడినది, కొన్నియెడల వెడల్పైన రోడ్లు పడినవి. ఆ పిల్లవానికి ఏ రంగులను గూర్చి పాడుమని చెప్పవలెను?

అతడు చూచుచున్నవానిని గూర్చియే అని మా సమాధానము. సిమెంటు బూడిదరంగు, మట్టి త్రవ్వు యంత్రము పసుపు, పనివారి తలపై టోపీల రంగులు, తవ్విన గోతిలో నిలిచిన వాననీటి రంగు ఇవియు రంగులే. ఆ గోతిలో కప్పలు అరచునది మృగశిరలోనే. లేని ప్రత్తిచేనును ఉన్నట్లు వ్రాయించుట, మంచును చూడని పిల్లవానిచే మంచును గూర్చి వ్రాయించుటవంటిదే. అయితే అతని ఇంటిలో తాతయ్యయు అమ్మమ్మయు ఉన్నారు. ఇంటి మెట్టుకు ఎదురుగ ఏ చేను ఉండెడిదో, ఏ కార్తెలో ఏ రంగున ఉండెడిదో వారు చెప్పగలరు. అడుగుటకు ఇంకను సమయమున్నది, కాని అపారముగ లేదు. నెర్రె, తాలు, ముచ్చిక, కల్లము, జరీబు అను మాటలు పనితోపాటు నిలుచునవి. పని ఆగినచో ఇరువది ముప్పది ఏండ్లలో మాట కూడ నోటినుండి జారును. పెద్దలు చెప్పినది పిల్లలు వ్రాసికొన్న కాగితమే ఆ గ్రామమునకు పాతచేని పటమగును.

బాలల పాటలకు మన భాషలో మంచి కాలము గడచినది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్య అను పేర్లతో ప్రసిద్ధులై 1945లో “బాల” పత్రికను వెలువరించిరి. తెనాలివాడైన చక్రపాణి, నాగిరెడ్డిగారితో కలిసి 1947లో “చందమామ”ను స్థాపించెను. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ రేడియో కేంద్రపు బాలల కార్యక్రమములలో ఈ జిల్లాల పిల్లలు పాడిరి. ఇతర దేశములలోను ఇట్టి యత్నములు జరిగినవి. ఆంగ్ల కవయిత్రి క్రిస్టినా రోసెటి 1872లో ప్రకటించిన శిశుగేయములలో ఒకదానియందు రంగు పేరును ప్రశ్నగ వేసి, ఆ రంగుగల వస్తువును సమాధానముగ చెప్పు పద్ధతిని వాడెను. అది మన పసుపు, వంకాయల పద్ధతియే. అమెరికాలో మేరీ ఓనీల్ 1961లో ప్రకటించిన పుస్తకమున ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పద్యము కలదు. అందు రంగును కంటితోనే గాక వాసనతోను, శబ్దముతోను గుర్తింపజేసెను. మిరప కల్లమువద్ద పెరిగిన పిల్లవానికి ఎరుపు అనగా ఒక ఘాటు అని ఎవ్వరును బోధింపనక్కరలేదు. జపానులో హైకూ అను మూడు పాదముల పద్యమునకు ఋతువును సూచించు మాట ఒకటి ఉండవలెనని సంప్రదాయము. అట్టి మాటలను కూర్చిన నిఘంటువులును అచ్చట కలవు. మన కార్తెల మాటలకు అట్టి నిఘంటువును ఒక్కొక్క బడి తనకు తాను తయారుచేసికొనవచ్చును. అందుకు కావలసినది గోడమీద అంటించుటకు ఒక పెద్ద కాగితము, ఇరువదియేడు గడులు.

ఆ పని చేయు విధమును కొంచెము చెప్పి విరమింతుము. ఒక కార్తెకు ఒక గడి. ఆ రెండు వారములలో పిల్లలు చూచిన ఒక వస్తువు, దాని రంగు, ఆ రంగునకు వారు చెప్పిన పోలిక మాత్రమే అందు వ్రాయవలెను. “అందమైన”, “మనోహరమైన” అను మాటలను మొదటి సంవత్సరము వాడవద్దని నిషేధించుట మంచిది. వానితో ఏ వస్తువునైనను పొగడవచ్చును గాని, దేనినిగాని చూపుటకు వీలుపడదు. పిల్లవాడు “పింక్” అనినచో కసరరాదు. ఈ దినములలో రంగుల పేర్లు ఆంగ్లముననే ముందుగ నేర్చుచున్నారు. “ఏ పువ్వువలె?” అని అడుగుడు, గులాబియో, ప్రత్తి రెండవనాటి పువ్వో అతడే చెప్పును. ప్రాస కుదరకున్న తొందరలేదు. తాళము వేయుచు నాలుగుమార్లు పలికించినచో నడక అదియే వచ్చును. వ్రాయలేని చిన్నవారు చెప్పుచుండగా పెద్ద తరగతివారు వ్రాయుదురు గాక. తప్పులు దిద్దునపుడు అక్షరమును దిద్దుడు, మాటను దిద్దకుడు. పిల్లవాడు “నెర్రె” అని వ్రాసినచో “పగులు” అని మార్చవద్దు.

సంవత్సరము నడుమ ప్రారంభించినను తప్పులేదు గాని, బడులు తెరచిన తరువాతి మొదటి గట్టి వాన మంచి ముహూర్తము. ఆ మరునాటి ఉదయము పిల్లలను వెంటబెట్టుకొని ఊరిబయటి గట్టుమీదికి పోవలెను. చెప్పులు చేతబట్టుకొని నడువవలసివచ్చును, రేగడి బంక అట్టిది. ఆరుద్ర పురుగును మొట్టమొదట అరచేతిలోనికి తీసికొన్న పిల్లవాడు దానిని చూచి ఏమనునో ఆ మాటను ఉన్నదున్నట్లు వ్రాసికొనివచ్చి, గోడమీది కాగితములో ఆరుద్ర గడియందు ఎర్రసిరాతో ఎక్కించుడు.